మాట పూర్తయ్యేదాకా

ఆ వర్షాకాలం మా ఇంట్లో బట్టలు ఆరలేదు, మనుషులు కుదురుగా కూర్చోలేదు. హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి తాళ్లు కట్టి తడిబట్టలు వేలాడదీసేదాన్ని. వాటి కింద నుంచి తల వంచుకుంటూ మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కిటికీ పక్క కుర్చీలో మావయ్య ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని కొడుకునే చూస్తూ ఉండేవారు. ఇల్లంతా ముక్కిన వాసన.

మావయ్య గొంతు సంగతి ముందు చెప్పాలి. ఆయన కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం నడిపించిన మనిషి. పొద్దున్నే ఆయన కేక వేస్తే మార్కెట్ ఆ చివర బస్తాలు దింపేవాళ్లు కూడా తల తిప్పి చూసేవారట. పక్షవాతం వచ్చి కుడి చెయ్యినీ, ఆ గొంతునీ రెండింటినీ పట్టుకుపోయింది. బుర్ర మాత్రం ఇసుమంత కూడా చెక్కుచెదరలేదు. ఎదుటివాళ్లు డొంకతిరుగుడుగా మాట్లాడితే ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ కనుబొమ్మంటే నాకు ఎంత భయమో, ఇప్పటికీ అంతే భయం.

మా ఆయన ప్రోగ్రాములు రాస్తాడు. తండ్రి కోసం ‘పలుకు’ అని ఒకటి తయారుచేశాడు. ట్యాబ్ మీద గళ్లలో మాటలుంటాయి. వేలితో ఏ మాట మీద నొక్కితే ట్యాబ్ ఆ మాట పైకి అంటుంది. ‘నాకు’ అని నొక్కితే ‘నాకు’, ‘నీళ్లు’ అని నొక్కితే ‘నీళ్లు’. ఆగి ఆగి వచ్చేది గానీ, వచ్చేది. తయారయ్యాక కోడంతా ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టేశాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు అని తనే రాసి పెట్టాడు. ఆ రోజు ఇంట్లో ఎంత గర్వంగా తిరిగాడో చెప్పలేను.

ఎక్కడెక్కడివాళ్లో దాన్ని వాడటం మొదలుపెట్టారు. మాట పోయిన టీచర్లు, డ్రైవర్లు, పుట్టుకతోనే మాట రాని పిల్లలు. కోడ్ రాయడంలో తలో చెయ్యీ వేసేవాళ్లూ దొరికారు. కానీ ఏది పలుకులోకి రావాలో ఏది రాకూడదో తేల్చేది మా ఆయన ఒక్కడే. తాళం ఆయన దగ్గరే.

వాడేవాళ్లు రాసే వాటికి జవాబులు రాయడం నా పని. అసలు నా ఉద్యోగం నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్. పగలంతా నీళ్లు రాలేదని తిట్లు, సాయంత్రం ఇంటికొస్తే పలుకు పలకలేదని తిట్లు. రెండు చోట్లా తప్పు నాది కాదు, తిట్లు మాత్రం నావి.

వానలు మొదలైన వారంలోనే మా ఆయన కొత్త పలుకు విడుదల చేశాడు. ఏడాదిపాటు ఆఫీసు నుంచి రాగానే దాని మీదే కూర్చున్నాడు. ఇందులో మాటలు నొక్కుతున్నప్పుడు చప్పుడు రాదు. అన్నీ నొక్కి చివర్లో ‘చెప్పు’ అనే గడి నొక్కితే వాక్యం మొత్తం ఒక్కసారిగా, మనిషి మాట్లాడినట్టే విరుపులతో సహా వస్తుంది.

"ఇలా రా, విను," అని నన్ను వంటగదిలోంచి పిలిచి, మావయ్య ఒళ్లోని ట్యాబ్ మీద తనే నొక్కాడు.

"వాన తగ్గితే కాసేపు బయటికి వెళ్లొద్దామా," అంది ట్యాబ్. నిజంగానే ఎవరో పెద్దాయన పక్కన నిలబడి అడిగినట్టుంది.

మా ఆయన కళ్లు చెమర్చాయి. "పాతది వింటుంటే చెడిపోయిన బొమ్మ మాట్లాడినట్టుండేది నాకు. మా నాన్న అలా మాట్లాడే మనిషా? మార్కెట్టంతా ఆగి వినేది ఆయన్ని."

మావయ్య కనుబొమ్మ లేచింది. సంతోషం కాబోలు అనుకున్నాం ఇద్దరం.

కొద్దిరోజులకే మొదలయ్యాయి ఫిర్యాదులు. పాతది ఎక్కడ దొరుకుతుందని ఒకరు. మా అమ్మాయి భోజనాల దగ్గర మాట్లాడటం మానేసిందని ఒకరు. చాలామందికి ఏం నచ్చలేదో చెప్పడం కూడా రాలేదు, పాతదే కావాలి అన్నారంతే. ఏం రాయమంటావని అడిగితే, "అలవాటు పడతారు అని రాయి," అన్నాడు మా ఆయన. అందరికీ అదే రాశాను, కాస్త మర్యాద కలిపి. కౌంటర్లో కూడా మేం చెప్పేది అదే రకం మాట.

వీళ్లందరిలో విషయం విప్పి రాసింది గుడ్లగూబ ఒక్కడే. పేరేంటో ఊరేంటో మాకు తెలియదు. ఫొటో బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నాడు కాబట్టి ఇంట్లో అలాగే పిలుచుకునేవాళ్లం. నాలుగేళ్లుగా పలుకు కోసం మా ఆయన తర్వాత అంత కష్టపడిన మనిషి. అతను రాసింది ఇది: "మాట మాటకీ చప్పుడు వస్తుంటే ఎదుటివాళ్లు ఆగుతారు. ఇప్పుడు నొక్కుతున్నంతసేపూ నిశ్శబ్దం. చెప్పడానికేం లేదనుకుని వాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతారు. వాక్యం తయారయ్యేసరికి వినేవాళ్లు ఉండరు. రెండు పద్ధతులూ ఉంచి ఒక సెట్టింగ్ పెడదాం. ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకుంటారు. కోడ్ రాసేశాను, మీరు ఒప్పుకుంటే చాలు."

"సెట్టింగేగా, పెట్టెయ్యొచ్చుగా," అన్నాను.

"నీకది సెట్టింగ్. నాకు రెండు పలుకులు." తాడు మీద తడి చొక్కా మొహానికి తగిలితే విసురుగా పక్కకి తోశాడు. "చిన్న మార్పు చేసినా రెండింట్లోనూ చూసుకోవాలి. ఒకదాంట్లో సరిగ్గా ఉంటే రెండోదాంట్లో పగులుతుంది. ఒక్కో సెట్టింగూ ఒక్కో పిల్లని కన్నట్టే. అడిగినవాళ్లు అడిగి వెళ్లిపోతారు, సాకాల్సింది నేను."

"ఆ పిల్లని నేను సాకుతానంటున్నాడు కదా. కింద రాశాడు చూడు."

"అంటే తాళం అతనికివ్వాలి."

"ఇస్తే ఏం?"

"రేపు ఇంకొకడు అడుగుతాడు. ఎల్లుండి మరొకడు. అందరూ వచ్చి తలో గోడా కడితే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకో. నేనిది ఊళ్లోవాళ్ల కోసం మొదలుపెట్టలేదు. మా నాన్న కోసం చేశాను."

ఆయన మాటల్లో న్యాయం లేదని అనలేను. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా ఎవరికో పలుకు ఆగిపోయిందంటే దుప్పటి కప్పుకునే కూర్చుని బాగుచేసిన మనిషి. జీతం లేదు, సెలవు లేదు. థాంక్స్ చెప్పేవాళ్లు కూడా తక్కువే. అందుకే నేను ఎక్కువ వాదించలేదు. గుడ్లగూబకి కుదరదని రాసేశాను.

ఆ ఆదివారం వదిన వచ్చింది. మా ఆయనకి అక్క, మావయ్యకి పెద్దకూతురు. మనిషి గుమ్మంలో అడుగుపెట్టకముందే మాట లోపలికొచ్చేస్తుంది. గొడుగు విదిలిస్తూనే అసలు సంగతి ఎత్తింది.

"ఒరేయ్, నాన్నని నాతో పంపించు. మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గానీ రారు. పగలంతా పనమ్మాయి మీద వదిలేస్తున్నారు. నేను ఇంట్లోనే ఉంటాను కదా."

"ఇక్కడ ఏం తక్కువైందక్కా?" అన్నాడు మా ఆయన.

"తక్కువైందని నేనన్నానా? నువ్వే అంటున్నావు."

నేను మధ్యలో దూరాను. మావయ్యని పంపడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఆ ఇంట్లో నా మాట పూర్తిగా వినేది ఆయనొక్కరే. ఆఫీసులో పడిన తిట్లన్నీ సాయంత్రం ఆయన ముందు గుమ్మరిస్తే గానీ నాకు అన్నం సహించేది కాదు. ఆయన వెళ్లిపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోవడానికే భయమేసింది. అందుకని డాక్టరు దగ్గరనీ, గాలి బాగా వస్తుందనీ, నోటికొచ్చిన కారణాలన్నీ చెప్పాను. వదిన ఒక్కోదాన్నీ కొట్టిపారేసింది. మాటా మాటా పెరిగింది.

ఆ గొడవంతా జరుగుతున్నంతసేపూ మావయ్య వేలు ట్యాబ్ మీద కదులుతూనే ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. కానీ వదినకి ఇవ్వాల్సిన జవాబు నాలుక చివరన ఉంది, అది పోతుందని నా తొందర. ఇంతలో వంటగది పైకప్పు నుంచి నీళ్లు కారడం మొదలైంది. బకెట్ ఎక్కడుంది, గుడ్డ ఎక్కడుంది అంటూ ముగ్గురం అటు పరిగెత్తాం.

అప్పుడు హాల్లోంచి వినిపించింది, నిండుగా, ఒక్క తడబాటు లేకుండా. "ఎక్కడుండాలో నన్ను కూడా ఒక మాట అడగండి."

మా ఆయన గుడ్డ పిండుతూ నా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నావా, విరుపు ఎంత బాగా వచ్చిందో." తర్వాత హాల్లోకి, "ఒక్క నిమిషం నాన్నా," అని కేకేశాడు.

ఆ నిమిషం చాలాసేపు పట్టింది. మేం తిరిగొచ్చేసరికి ట్యాబ్ ఆయన ఒళ్లో బోర్లా ఉంది. వదిన వచ్చే ఆదివారం కారు తీసుకొస్తానని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మావయ్య ట్యాబ్ ముట్టలేదు. టీ కావాలా అని అడిగితే, కావాలంటే కనుబొమ్మ. వద్దంటే కళ్లు మూసుకోవడం. ఏమైనా చెప్పాలా మావయ్యా అంటే కిటికీ వైపు తిరిగేవారు. నేను ట్యాబ్ తిరగేసి పెడితే, కాసేపాగి మళ్లీ బోర్లించేవారు. గుడ్లగూబ రాసింది నాకు అప్పుడెక్కింది. కుదరదని జవాబు కొట్టిన వేళ్లు నావే కదా, ఆ వారమంతా ఏ పని మీదా చెయ్యి నిలవలేదు. వండిన దాంట్లో ఉప్పు మర్చిపోయేదాన్ని, కౌంటర్లో ఒకరి కాగితం ఇంకొకరికి ఇచ్చేదాన్ని.

మా ఆయనతో చెప్పాను. "ఏదో అలిగాడు. నాలుగు రోజులైతే అలవాటు పడతాడు," అన్నాడు. ఆ మాట తండ్రి గురించి కూడా అనగలడని నేననుకోలేదు.

ఆ వారంలోనే గుడ్లగూబ దెబ్బకొట్టాడు. పలుకు కోడంతా ఒక నకలు తీసుకుని, పాత పద్ధతి మళ్లీ పెట్టి, తన పేజీలో వేరేగా విడుదల చేశాడు. కావలసినవాళ్లు తీసుకోవచ్చన్నాడు. జనం బిలబిలమంటూ అటు వెళ్లిపోయారు.

మా ఆయన కోపం చూడాలి. "నాలుగేళ్లు నా పక్కన కూర్చుని పనిచేసి, నా ఇంటి పక్కనే నాలాంటి ఇల్లే కట్టాడు. నా ఇటుకలతోనే."

"ఎవరైనా తీసుకోవచ్చని నువ్వే రాశావు కదా."

"రాశాను. నిజంగా తీసుకుంటారనుకున్నానా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

శుక్రవారం పొద్దున మా ఆయన ఆఫీసుకి వెళ్లిన కాసేపటికి కుండపోతగా పడింది. వీధులు మునిగాయి, మా ఆఫీసు మూసేశామని ఫోనొచ్చింది. పనమ్మాయి కూడా రాలేదు. ఇంట్లో నేనూ మావయ్యే. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మావయ్యా, పాతది ఒకచోట దొరుకుతోంది. ఎక్కించమంటారా?"

ఆయన ఎడమచేత్తో ట్యాబ్‌ని తనే వెల్లకిలా తిప్పారు.

ఎలా ఎక్కించాలో నాకు తెలియదు. ఇన్నేళ్లూ జవాబులు రాశానే గానీ, అది చేసేది మా ఆయన. సిగ్గు విడిచి గుడ్లగూబకే రాశాను, నేనెవరినో చెప్పి మరీ. కాస్త ఫోన్ నంబరిస్తే మాట్లాడుకుంటూ చేసుకుంటానన్నాను. వెంటనే జవాబొచ్చింది.

"ఫోన్‌లో అయితే మీకు ఓపిక కావాలి. నేను కూడా పలుకుతోనే మాట్లాడతాను. రాసుకుందాం, అదే నయం."

మళ్లీ చదివాను. నాలుగేళ్లు మా ఆయనతో తెల్లవార్లూ వాదించుకున్న మనిషి. మా ఆయన ఏనాడూ అడగలేదు, అతను ఏనాడూ చెప్పలేదు. మావయ్యకి పైకి చదివి వినిపించాను. ఆయన చెయ్యి చాపి నా చేతిలో ఫోన్ తీసుకుని ఆ గుడ్లగూబ బొమ్మని దగ్గరగా చూశారు.

అతను ఒక్కో మెట్టూ రాశాడు, నేను ఒక్కో మెట్టూ చేశాను. పని అయ్యాక ట్యాబ్ మావయ్య ఒళ్లో పెట్టాను. ఆయన వేలు గళ్ల మీద కాసేపు ఊగింది.

"టీ," అంది ట్యాబ్. ఆగింది. "చక్కెర." మళ్లీ ఆగింది. "ఎక్కువ."

డాక్టరు చక్కెర మాన్పించి చాలా కాలమైంది. నేను నవ్వుతూనే లేచాను, వంటగదిలోకి వెళ్లేసరికి ఏడుస్తున్నాను. చక్కెర వేసే ఇచ్చాను. మీ అబ్బాయికి చెప్పనా అని అడిగితే కళ్లు మూసుకున్నారు. నేను కూడా చెప్పలేదు.

ఆదివారం వదిన అన్న మాట ప్రకారం కారు తీసుకునే వచ్చింది. మా ఆయన గుమ్మంలోనే ఎదురెళ్లాడు.

"ఎన్నిసార్లు చెప్పాలక్కా? నాన్న ఇక్కడే ఉంటాడు."

"నువ్వెవడివిరా చెప్పడానికి, నేను కూతుర్ని. నాన్న మొహం చూశావా అసలు? వారంలో సగమైపోయాడు."

"ఆయనకి అలవాటైన చోటు ఇదే వదినా," అన్నాను నేను. ఈసారి నాకు ధైర్యంగా ఉంది. మావయ్య చేతిలో మాట ఉంది. ఆయన నోరు విప్పితే నా పక్షమే అని నాకు రవ్వంత కూడా అనుమానం లేదు.

"నేను," అంది ట్యాబ్.

ముగ్గురం ఆగిపోయాం. మా ఆయన మెడ మెల్లగా తిరిగింది. ఆ గొంతు ఆయనకి తెలుసు. తను తీసిపారేసిన గొంతే.

"చెప్తాను."

వదిన ఏదో అనబోయింది. అంతలో తర్వాతి మాట వస్తుందేమోనని నోరు మూసుకుంది. మావయ్య వేలు తీరిగ్గా వెతికింది.

"అమ్మాయి." ఆగారు. "ఇంటికి." ఆగారు. "వెళ్తాను."

ఆయన మాట కోసం అంత తంటాలు పడింది ఈ మాట వినడానికా అనిపించింది. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆగలేక అడిగేశాను. "మా దగ్గర ఏం లోటు మావయ్యా?"

"లోటు. లేదు." ఆయన నా వైపే చూస్తూ నొక్కారు. "అక్కడ. పొద్దున్నే. కేక. వినిపిస్తుంది."

వదిన ఇల్లు మార్కెట్ వెనక సందులో. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆయనకి అది కావాలని ఎవరికీ తట్టలేదు.

"ఇక్కడ," అంది ట్యాబ్. "వీడి. టకటక."

తమ్ముడి కీబోర్డు చప్పుడుని ఆయన అలా అనేసరికి వదిన ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన నవ్వలేదు. తాళ్ల కింద నుంచి వంగి వచ్చి తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"వెళ్దువుగాని నాన్నా. కానీ ఇది నాది కాదు. ఆ గుడ్లగూబది. అక్కడికి వెళ్లాక ఇది చెడిపోతే నేను బాగుచెయ్యలేను. ఇటివ్వు, నాదే ఎక్కించి, కావాలంటే నీ ఒక్కడి కోసం పాత పద్ధతి పెట్టిస్తాను." అంటూ చెయ్యి చాపాడు.

మావయ్య అరచెయ్యి ట్యాబ్ మీద పరిచారు. తర్వాత వేలు కదిలింది.

"నాకోసం. చేశావు."

"అవును నాన్నా, నీ కోసమే, అందుకే నేను..."

మావయ్య వేలు పైకెత్తారు. మా ఆయన ఆగాడు. వేలు మళ్లీ కిందికి దిగింది.

"నాకు." చాలాసేపు వెతికారు. ఆ గడి ఎక్కడో రెండో పేజీలో ఉంది. మా ఆయనకి అది ఎక్కడుందో తెలుసు, ఆ గళ్లు పేర్చింది ఆయనే. అయినా చూపించలేదు.

"ఇచ్చెయ్."

మా ఆయన చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. వంటగదిలో బకెట్ నిండి పొర్లుతుంటే వదిన వెళ్లి మార్చొచ్చింది.

మావయ్య ఆ రోజే వెళ్లిపోయారు. కారు ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని వదలలేదు. ట్యాబ్ సంచిలో ఉంది కాబట్టి ఏం చెప్పాలనుకున్నారో నాకు తెలియదు. ఏదైనా మంచి మాటే అని అనుకుంటున్నాను.

ఆ వారం మా ఆయన గుడ్లగూబకి రాశాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు, ఎన్నిసార్లు చెరిపి రాశాడో మాత్రం చూశాను. చివరికి పలుకు తాళం అతనికీ ఇచ్చాడు. ఇప్పుడు పలుకులో రెండు పద్ధతులూ ఉన్నాయి. పాతదాని బాధ్యత గుడ్లగూబది, కొత్తదాని బాధ్యత మా ఆయనది. కొత్తది బాగుందనేవాళ్లూ ఉన్నారు, క్లాసులో పాఠం చెప్పే టీచరుకి అదే కావాలట. ఇద్దరికీ పొసిగిందని కాదు. వారానికోసారైనా పోట్లాడుకుంటారు. ఒక్కోసారి గుడ్లగూబ మాటే నెగ్గుతుంది, ఆ రోజు మా ఆయన అన్నం దగ్గర మాట్లాడడు.

వానలు తగ్గుముఖం పట్టాయి. తాళ్లు విప్పేశాను. కిటికీ దగ్గర కుర్చీలో నేను కూర్చోలేకపోయాను, అలాగని దాన్ని పక్కకి జరపలేకపోయాను. ఆఫీసు తిట్లు ఎవరికి చెప్పుకోవాలో తెలియక గిన్నెల మీద చూపించేదాన్ని.

ఒక పొద్దున ఫోన్ మోగింది. వదిన నంబరు. మా ఆయన తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పక్కన నిలబడిన నాకు కూడా వెనక మార్కెట్ గోల సన్నగా వినిపించింది, ఎవరో గట్టిగా కేకలేస్తున్నారు. ఆ కేకల మధ్య ట్యాబ్ గొంతు ఏదో ఒక మాట అంది. ఆగింది. మా ఆయన ఆఫీసుకి టైమైపోతోంది, ఒక కాలికి చెప్పు ఉంది, రెండో చెప్పు చేతిలో ఉంది. అలాగే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఎంతసేపటికీ ఏమీ అనకపోతే నాకే ఆగలేదు. "ఏమంటున్నారు? కట్టయిందా?" అన్నాను.

చెప్పున్న చెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నాడు.

"నాన్న ఇంకా మాట్లాడుతున్నాడు," అన్నాడు, ఫోన్‌కి వినపడనంత మెల్లగా.